అరువు కాలు

ఆట మానేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఎవరు మంచి కోచ్ అవుతారన్న ప్రశ్న మా ఇంట్లో అన్నంతో పాటే వడ్డనకు వచ్చేది. మా నాన్న పరంజ్యోతి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తూ రైల్వే జట్టుకు రైట్ బ్యాక్ ఆడినవాడు. గొప్ప ఆటగాడు కోచ్‌గా పనికిరాడని ఒకరోజు, గొప్ప ఆటగాడు తప్ప ఇంకెవడూ పనికిరాడని మర్నాడు, రెండు రోజులూ ఒకే పట్టుదలతో వాదించేవాడు. మా అన్న జయకర్ పప్పన్నంలో ఊరగాయ నంజుకుంటూ నవ్వేవాడు. "తిని లేవుండ్రి. కోచ్ ఎవడైతే నాకేంది" అని అమ్మ విసుక్కునేది. ఆ ప్రశ్నను నిజంగా పట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే.

నాన్న కుడికాలి మనిషి. ఆయనకు ఎడమ కాలు కూడా ఉందన్న సంగతి బస్సు ఎక్కేటప్పుడే తెలుస్తుందని తోటి ఆటగాళ్ళు ఏడిపించేవారు. అన్నదేమో పూర్తిగా ఎడమ కాలు. ఆ కాలితోనే మల్కాజిగిరి రోవర్స్‌కు కెప్టెన్ అయ్యాడు. ఆ కాలితోనే కోల్‌కతా ఫైనల్లో ఆ గోల్ కొట్టాడు.

వానకు మైదానం చెరువైన రోజది. బంతి గోల్ ముందు గుంటలో, నీళ్ళలో ఆగిపోయింది. ఇక అది కదలదని అందరూ అనుకున్నారు. కీపర్ మీదికి ఉరికి వచ్చాడు. అన్న ఎడమ మడమను నేలకు ఆనించి, బొటనవేలిని బంతి కిందికి గుచ్చి, గిన్నెలోంచి పప్పు తోడినట్టు పైకి లేపాడు. బంతి కీపర్ తల మీదుగా వెళ్ళి వలలో పడింది. రైల్వే పాసు మీద కోల్‌కతా వెళ్ళిన నాన్న ఆ వానలో తడుస్తూ అదంతా చూశాడు.

మ్యాచ్ అయ్యాక మావాళ్ళందరూ మెట్టుగూడ మూల మీది ఇరానీ హోటల్‌కు చేరతారు. అక్కడ బల్ల మీద సాసర్లు, గ్లాసులు, ఉప్పు సీసా ఆటగాళ్ళవుతాయి. ఉస్మానియా బిస్కెట్ ముక్క బంతి అవుతుంది. గోల్ కొట్టినవాడు అదెలా కొట్టాడో బల్ల మీద జరిపి చూపించి, చివరికి ఆ ముక్కను ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చాయ్‌లో వేయాలి. అది అక్కడి రివాజు. కోల్‌కతా గోల్‌ను అన్న ఏళ్ళ తరబడి అలా చెబుతూ వచ్చాడు, ముక్క ప్రతిసారీ నాన్న కప్పులోనే పడింది. నాన్నకు షుగర్. ఇంట్లో అమ్మ బిస్కెట్ డబ్బా దాచేస్తుంది. "గోల్ అయిన బిస్కెట్ల షుగర్ ఉండదే" అంటూ ఆయన ఆ నానిన ముక్కను చెంచాతో తీసుకుని కళ్ళు మూసుకుని తినేవాడు.

నేను నరాల మీద పరిశోధన చేస్తాను. తార్నాకలో మా ల్యాబ్ ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళ కాళ్ళలో మిగిలిన శక్తిని పట్టుకోవడానికి పిక్కలకు అంటించే పట్టీలు తయారుచేశాం. కాలు కదలక్కర్లేదు, కదలాలని మెదడు అనుకుంటే చాలు, పట్టీ పసిగట్టి తెర మీద గీత గీస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గీత ఎలా ఉంటుందో చూడాలని రోవర్స్ పాత డిఫెండర్ ఖదీర్ భాయ్‌ను బతిమాలి పిలిపించాను. ఆయనకు విసుగు రాకుండా ఎదురుగా టీవీలో ఏదో మ్యాచ్ పెట్టాను.

తెర మీద గీతలు ఎగరడం మొదలైంది.

"ఖదీర్ భాయ్, కాళ్ళు కదపకండి" అన్నాను.

"నేనేడ కదుపుతున్ననమ్మా? రాయి లెక్క కూసున్న" అన్నాడు ఆయన.

నిజమే, కాళ్ళు కదలడం లేదు. నేను గీతల వైపు, టీవీ వైపు మార్చి మార్చి చూశాను. ఖదీర్ భాయ్ కుడికాలి ఆటగాడు. కానీ టీవీలో ఎడమకాలి వాడు బంతి అందుకుంటే ఈయన ఎడమ పిక్క గీత లేచింది. కుడికాలి వాడికి బంతి వెళ్ళగానే కుడి గీత లేచింది. ఒకడు కుంటితే ఈయన గీత కూడా కుంటింది. ఎవడు ఆడుతుంటే వాడికి తన కాలు అరువిచ్చేస్తున్నాడు ఈయన.

"ఎప్పటి నుంచి ఇలా?" అని అడిగాను.

"ఎట్ల? అందరికి ఇట్లనే ఉంటది గద!" అన్నాడు ఖదీర్ భాయ్. "మ్యాచ్ చూసి ఇంటికి పోతే మా బేగం అడుగుతది, ఇయ్యాల ఏ కాలికి బామ్ రాయాలె అని. నొప్పి నాది కాదు, గ్రౌండ్ల ఎవనిదో ఉంటది. ఆడే రోజుల్ల ఇంకా గడ్‌బడ్. ఎదుటోడు ఎటు మల్లితే నా కాలు గూడ వాని ఎంబడే పోయేది. అందుకే కదమ్మా, నేను గొప్ప ప్లేయర్‌ను కాలే" అన్నాడు.

ఆ సాయంత్రమే అన్నకు పట్టీలు అంటించాను. అదే మ్యాచ్ పెట్టాను. ఎవడు ఆడినా అన్న ఎడమ పిక్క ఒక్కటే లేచింది. కుడికాలి వాడు ఆడినా ఎడమే. కీపర్ బంతిని చేత్తో పట్టుకున్నా ఎడమే. అన్న ఆ మ్యాచ్ చూడటం లేదు, అందులో తను ఆడుకుంటున్నాడు. మోకాలు దెబ్బతిని బెంచి మీద కూర్చున్న రోజుల్లో అతని తన్నులకు పక్కన కూర్చునేవాళ్ళ కాళ్ళు ఎందుకు కమిలేవో అప్పుడు అర్థమైంది.

తర్వాత పేరున్న పాత కోచ్‌లను వెతికి పట్టుకున్నాం. ఆటగాళ్ళు ఇప్పటికీ ప్రాణంగా చెప్పుకునే కోచ్‌లందరికీ ఖదీర్ భాయ్ గీతలే వచ్చాయి. కోచ్ పనిలోంచి నాలుగు నెలలకే తరిమేసిన మహా ఆటగాళ్ళకు మా అన్న గీతే వచ్చింది. మా ఇంటి భోజనాల ప్రశ్నకు జవాబు దొరికిందని ఎగిరి గంతేశాను. ఆ జవాబు ముందుగా ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించలేదు.

మా ఫలితాల సంగతి విని రోవర్స్ యజమాని విద్యాధర్ గారు అన్ననూ నన్నూ కలిపి పిలిచారు. అన్నకు అప్పటికి ముప్పై ఆరేళ్ళు, మోకాలు ఇక ఆడనివ్వదని డాక్టర్లు తేల్చేశారు. కోచ్ పని తనదేనని అతను నమ్మకంగా ఉన్నాడు.

"జయకర్ గారంటే మాకు ప్రాణమండీ. కానీ మీ చెల్లెలి గారి యంత్రమే వద్దంటోంది కదా. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఆ గీతలు చూపించమంటున్నారు" అన్నారు విద్యాధర్ గారు. ఖదీర్ భాయ్‌ను అడిగితే ఆయన చెవులు పట్టుకున్నారట. నేను ఆట నేర్పే చిన్నపిల్లల నొప్పులే మోయలేకపోతున్నాను, పెద్దవాళ్ళవి నావల్ల కాదన్నారట. సీజన్ మొదలయ్యేలోపు అన్న గీత మారితే పని అన్నకే ఇస్తానని విద్యాధర్ గారు మాటిచ్చారు.

బయటికి వచ్చాక అన్న నా స్కూటీ వెనక కూర్చున్నాడు. మెట్టుగూడ దగ్గరికి వచ్చాక, "నాకు నేర్పియ్ ఎస్తేరూ" అన్నాడు.

"అది నేర్పేది కాదన్నా."

"పక్షవాతమొచ్చినోళ్ళకు నడక నేర్పిస్తున్నవ్. నాకు చూసుడు నేర్పియ్యలేవా?"

నేర్పించవచ్చని నాకు తెలుసు. పట్టీలను తిరగేస్తే చాలు. మైదానంలో ఆటగాళ్ళకు పట్టీలు కట్టాం. బంతి ఎవరి దగ్గరుంటే వాడి కాలి కదలిక అన్న పిక్కలో చిన్న చురుకుగా తగిలేలా చేశాం. ఆ చురుకుతో పాటు కాలు పోతే సరి. తన సొంత ఆటకు ఎగిరితే చురుకు ఆగిపోతుంది, సొంత ఆట అణిగేదాకా మళ్ళీ రాదు. మొదట్లో అన్న తిట్టని తిట్టు లేదు. పట్టీలు పీకి నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయేవాడు, మర్నాడు మళ్ళీ వచ్చి కాలు చాపేవాడు. పట్టుబడితే వదిలే రకం కాదు.

వేసవి ముగిసేసరికి కుడి గీత లేచింది. ఆ రోజు అన్న చిన్నపిల్లవాడిలా నన్నెత్తి గిరగిరా తిప్పాడు. చురుకు ఆపేశాక కూడా గీతలు నిలిచాయి. జట్టు సాధన చూస్తూ, "ఓ నవనీత్, నీ కుడి బూటుల వేలు ఒత్తుకపోతుంది కదరా, చెప్పవేంది?" అని అరిచాడు. ఎడమ వైపు ఆడే నవనీత్ బిత్తరపోయి బూటు విప్పితే వేలు నిజంగానే కమిలి ఉంది. ఆటగాళ్ళు అన్నను చూసే చూపు మారింది. విద్యాధర్ గారు కోచ్ పేరు ప్రకటించారు.

ఆ ఆనందంలో నేను నిమ్మకాయ సంగతి పట్టించుకోకపోయేదాన్నే.

నాన్న కూరగాయలు తెచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి సంచిలోంచి ఒక నిమ్మకాయ తీసి విసురుతాడు. అన్న ఎక్కడున్నా సరే, పేపరు చదువుతున్నా, ఫోన్ మాట్లాడుతున్నా, ఎడమ పాదం మీద దాన్ని ఆపి వంటింట్లో అమ్మ బుట్టలోకి లేపుతాడు. మా చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ ఆ నిమ్మకాయ కోసం బుట్టను గుమ్మానికి ఎదురుగానే పెడుతుంది. ఆ ఆదివారం నాన్న విసిరాడు. అన్న పాదం కదల్లేదు. నిమ్మకాయ అతని కాలికి తగిలి, దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందికి పోయింది.

"వయసైతుందిరా బిడ్డా!" అని నాన్న పకపకా నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ల్యాబ్‌లో అన్నను కళ్ళు మూసుకోమన్నాను.

"కోల్‌కతా గోల్ మనసుల కొట్టు" అన్నాను.

ఒకప్పుడు ఆ మాటకే తెర చివరిదాకా ఎగిరే ఎడమ గీత ఇప్పుడు పురుగు పాకినట్టు కొంచెం లేచి పడుకుంది. మళ్ళీ కొట్టమన్నాను. అన్న నుదురు ముడిచి ప్రయత్నించాడు, ఈసారి అంతకూడా లేవలేదు. అరువిచ్చే కాలికి చోటు కావాలంటే సొంత కాలు ఖాళీ చేయాలి. ఖదీర్ భాయ్‌కు పుట్టుకతోనే ఖాళీ ఉంది. మా అన్నకు లేదు. అతని ఇంట్లోంచి సామాను నేనే బయట పెట్టిస్తున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "ఇప్పుడు ఆపితే మిగిలింది మిగుల్తది. ఆపకుంటే, ఇంకిన్ని మ్యాచ్‌లు ఇట్ల చూస్తే, నీ ఆట నీకు ఉండదన్నా."

"ఉండదంటే? వీడియోలు ఉన్నయ్ గద."

"కండ్లు చూస్తయ్. కాలికి తెల్వదు. ఇంకెవడో కొట్టినట్టు ఉంటది."

అన్న తన ఎడమ కాలిని బల్ల మీదికి చాపి చాలాసేపు చూసుకున్నాడు. చీలమండ మీద పాత కుట్లున్నాయి. వాటి మీద వేలితో రాసుకున్నాడు.

"బెంచి మీద కూసున్న రోజులు నీకు తెల్వదు ఎస్తేరూ" అన్నాడు చివరికి. "గ్రౌండ్ల పదకొండు మంది ఆడుతుంటరు, బెంచి కింద నా కాలు ఒక్కటే ఆడుతుంటది. దిగనీకి లేదు, ఆగనీకి లేదు. పిచ్చి లేస్తది. ఇప్పుడు ఈ పిల్లల కాళ్ళతోటి మల్ల గ్రౌండ్ల ఉరుకుతున్న. నాకు ఇదే కావాలె. పాతది పోతే పోనియ్."

"అన్నా, ఒక్కసారి ఆలోచించు."

"ఆలోచించిన. నాన్నకు మాత్రం చెప్పకు."

నాకు ఏడుపొచ్చింది. అన్న ముందే ఏడ్చాను. అతను నా తల మీద ఒక మొట్టికాయ వేసి, సాధనకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఆ సీజన్ రోవర్స్ ఆడిన తీరు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. లీగ్ చివరి మ్యాచ్‌లో నవనీత్ అందరికంటే బాగా ఆడుతున్నాడు. ఉన్నట్టుండి అన్న అతన్ని బయటికి పిలిచాడు. జనం బూతులు తిట్టారు. విద్యాధర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నవనీత్ ఏడుపు మొహంతో వచ్చి, "నాకేం నొప్పి లేదు సార్" అన్నాడు. అన్న తన ఎడమ తొడ వెనక చెయ్యి పెట్టుకుని, "నాకు ఉందిరా. కూసో" అన్నాడు. డాక్టరు చూసి, ఇంకొక్క పరుగు తీస్తే కండరం తెగిపోయేదని, సంవత్సరం మంచం మీద ఉండేవాడివని చెప్పాడు. నవనీత్ బదులు దిగిన అబ్బాయి అందించిన బంతితోనే మేం గెలిచాం.

నాన్న గ్యాలరీలో పూనకం వచ్చినట్టు ఊగిపోయాడు. ఎంత గొప్ప ఆటగాడో అంత గొప్ప కోచ్ అని పక్కనున్న ప్రతివాడికీ చెప్పాడు. ఖదీర్ భాయ్ నా వైపు చూసి తల దించుకున్నాడు. అన్న సొంత ఆట పోతోందని ఆయన పిక్కలకు తెలుసు.

అందరం హోటల్‌కు వెళ్ళాం. బల్లలు కలిపారు. గెలిచిన గోల్‌ను కొట్టిన అబ్బాయి చూపించాడు, ముక్క ఖదీర్ భాయ్ చాయ్‌లో పడింది. అంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు నాన్న తన కప్పును అన్న ముందుకు జరిపాడు.

"ఇగ అసలుది చెప్పు బిడ్డా. కోల్‌కతాది. ఈ పోరగాండ్లు వినలే."

అన్న నా వైపు చూడలేదు. బిస్కెట్ విరిచి ముక్కను బల్ల మధ్యలో పెట్టాడు. ఉప్పు సీసాను కీపర్‌ను చేశాడు. సాసర్లు సర్దాడు. గ్లాసులోంచి కొన్ని నీళ్ళు బల్ల మీద పోసి వాన గుంట చేశాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

నేను అంత బాగా ఆ కథ ఎప్పుడూ వినలేదు. కీపర్‌కు అప్పటికే భుజం నొప్పిగా ఉందట, అందుకే కిందికి వంగకుండా ఉరికాడట. వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ బూటులోకి నీళ్ళు పోయి కాలు జారిందట, వాడు జారకపోతే బంతి అక్కడిదాకా వచ్చేది కాదట. వాడి జారుడును అన్న కుర్చీలో కూర్చునే జారి చూపించాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరిచి విన్నారు. ఇన్నేళ్ళలో అన్న ఆ ఎదుటి జట్టువాళ్ళ గురించి ఒక్క మాట చెప్పిన గుర్తు నాకు లేదు.

"మరి గోల్ ఎట్లయింది సార్?" నవనీత్ అడిగాడు.

"గోలా? మన ఎనిమిదో నంబర్ ఉన్నడు గద, ఆయన కొట్టిండు" అన్నాడు అన్న.

ఎనిమిదో నంబర్ అన్నదే. అన్న జోక్ చేశాడనుకుని కుర్రాళ్ళు నవ్వారు. నాన్న కూడా నవ్వి, ముక్క కోసం కప్పు ఇంకొంచెం జరిపాడు. అన్న వేలు బిస్కెట్ ముక్క మీద ఆగింది. అక్కణ్ణించి దాన్ని ఎటు కదపాలో ఆ వేలికి తెలియలేదు. ముక్క నీళ్ళలో మెత్తబడుతోంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఎట్ల కొట్టిండో… యాదికొస్తలేదు నాన్నా" అన్నాడు అన్న.

నాన్న అతని మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. ఫ్రిజ్ కిందికి దొర్లిన నిమ్మకాయ ఆయనకు కూడా గుర్తొచ్చిందో ఏమో, నాకు తెలియదు. వర్క్‌షాపులో పాడైన ఇంజన్ ముందు నిలబడ్డ ఫిట్టరులా బల్ల మీది సాసర్లను ఒక్కొక్కటే పరీక్షగా చూశాడు.

"నువ్వు చూడలేదు గద. నువ్వు కొడుతుంటివి" అన్నాడు. "నేను చూసిన. ఇటు చూడు."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు బల్ల కింద కనిపించింది. బస్సు ఎక్కడానికి తప్ప పనికిరాదని లోకమంతా ఏడిపించిన ఆయన ఎడమ కాలు ముందుకు వచ్చింది. మడమ నేలకు ఆనింది. చెప్పులోంచి బొటనవేలు కిందికి గుచ్చుకుంది, ఒక్క క్షణం ఆగింది, తోడినట్టు పైకి లేచింది. అచ్చం మా అన్న కాలే. ఆ ఆగడం కూడా అన్నదే. ఏ పట్టీ కట్టకుండా, ఏ చురుకూ తగలకుండా, కొడుకు ఆటంతా ఆ కాల్లోకి ఎప్పుడు వచ్చి చేరిందో ఆయనకే తెలియదు.

"గిట్ల కొట్టిండు" అన్నాడు నాన్న.

"మల్లొకసారి" అన్నాడు అన్న. బల్ల కిందికి వంగి ఆ కాలినే చూస్తున్నాడు.

నాన్న మళ్ళీ కొట్టాడు. ఈసారి నేను అన్న కాళ్ళ వైపు చూశాను. ఎవరు ఆడితే వాళ్ళకు తన కాలు అరువివ్వడం నేర్చుకున్నాడు కదా అతను. నాన్న చెప్పు పక్కనే అన్న ఎడమ బూటు ముందుకు వచ్చింది. మడమ ఆనింది. వేలు గుచ్చుకుని, ఆగి, పైకి లేచింది. రెండు కాళ్ళూ ఒకేసారి లేచి ఒకేసారి దిగాయి.

అన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఖదీర్ భాయ్ తన ఎడమ పిక్క పట్టుకుని వాకిలి వైపు తిరిగాడు.

బల్ల మీద బిస్కెట్ ముక్క అప్పటికి సగం కరిగిపోయింది. నాన్న దాన్ని చెంచాతో జాగ్రత్తగా ఎత్తి, తన కప్పులో వేసుకోకుండా అన్న చాయ్‌లో వేశాడు.

"తాగు బిడ్డా, సల్లారుతది" అన్నాడు.